బాండు కొనే ముందు తారీఖు రాసుకోండి

బాండ్ల గురించి నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఎంత శాతం వస్తుందండీ?" అని. నేను మొదట అడిగేది "ఈ డబ్బు మీకు మళ్లీ ఎప్పుడు కావాలి?" అని. ఆ తారీఖు తేలేదాకా శాతాల మాట ఎత్తను. బాండులో నష్టం రావడానికి ఉన్న దారుల్లో పెద్దది ఈ తారీఖు కుదరకపోవడమే. దాన్ని ఎవరూ చెప్పరు, ఎందుకంటే అమ్మేవాడికి మీ తారీఖుతో పని లేదు.

ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం గాంధీనగర్‌లో ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేసే పని నాది. వచ్చేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే. పట్టుచీరల వ్యాపారులు, రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు, పంతుళ్లు, ఇచ్ఛాపురం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్లు. 1936లో గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినా ఈ ఇళ్లలో డబ్బు లెక్కలు ఇప్పటికీ తెలుగులోనే నడుస్తాయి. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి విడతలు విడతలుగా 5.25కి దించింది. బ్యాంకుల్లో ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. అప్పటినుంచి ఫోన్లో కనబడే బాండ్ల ప్రకటనలు పట్టుకొచ్చి "ఇది పెట్టొచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. షరతుల కాగితాలేమో ఇంగ్లిషులో, చుట్టూ ఆఫీసుల భాషేమో ఒడియా. తెలుగులో కూర్చోబెట్టి చెప్పే చోటు తక్కువ కాబట్టి ఇది కాస్త వివరంగానే రాస్తున్నాను.

బాండంటే అప్పు పత్రం. మీరు ఇచ్చేవాళ్లు, సర్కారో కంపెనీయో తీసుకునేవాళ్లు. పత్రం మీద మూడు సంగతులుంటాయి: అసలెంత, ఏటా వడ్డీ ఎంత, అసలు తిరిగిచ్చే తారీఖు ఏది. పత్రం మీద రాసిన వడ్డీని కూపన్ అంటారు. ఏడు శాతం కూపన్ అంటే మన లెక్కలో నెలకు నూటికి యాభై ఎనిమిది పైసలు. కేంద్ర ప్రభుత్వ బాండ్లు ఆ వడ్డీని ఆరు నెలలకోసారి సగం సగం చేసి ఇస్తాయి. నూరు రూపాయల పత్రానికి మూడున్నర, మళ్లీ మూడున్నర. గడువు తీరేదాకా ఈ అంకె మారదు.

మారేది పత్రం ధర. బాండు చేతులు మారుతుంది. నిన్న నూరుకి కొన్నది ఇవాళ తొంభై ఆరు పలకొచ్చు, నూటమూడూ పలకొచ్చు. ఆ ధర పెట్టి కొని గడువుదాకా ఉంచితే ఏటా నికరంగా ఎంత గిట్టుతుందో ఆ లెక్కే యీల్డ్. కూపన్ పత్రం మీద అచ్చయి ఉంటుంది, యీల్డ్ మీరు పెట్టే ధరను బట్టి పుడుతుంది. ఈ రెంటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఇక్కడే కాసేపు ఆగి లెక్క చూద్దాం.

పదేళ్ల గడువున్న 7 శాతం సర్కారు బాండు మీ దగ్గర ఉందనుకోండి. మీరు నూరుకే కొన్నారు. కొన్న కొన్నాళ్లకే మార్కెట్లో రేట్లు పెరిగి, కొత్తగా వచ్చే పదేళ్ల బాండ్లు 8 శాతం ఇస్తున్నాయి. ఇప్పుడు మీరు అమ్మబోతే ఎవరైనా నూరు ఎందుకిస్తారు? అదే నూరుతో కొత్త బాండు కొంటే ఏటా ఎనిమిది వస్తుంది, మీది ఏడే ఇస్తుంది. ఏటా ఒక రూపాయి చొప్పున పదేళ్లపాటు తగ్గే తేడాను కొనేవాడు ముందే ధరలో కోసుకుంటాడు. లెక్క వేస్తే మీ పత్రం 93 రూపాయల 20 పైసల దగ్గర నిలుస్తుంది. అదే రేట్లు 6కి దిగితే అందరికీ మీ ఏడు శాతం పత్రమే కావాలి, అప్పుడు 107 రూపాయల 44 పైసలు పలుకుతుంది. రేట్లు పెరిగితే పాత బాండు ధర తగ్గుతుంది, రేట్లు తగ్గితే ధర పెరుగుతుంది.

ఇప్పుడు ఇదే 7 శాతం పత్రానికి గడువు రెండేళ్లే మిగిలిందనుకోండి. రేటు 8కి పోతే ధర 98.19, 6కి దిగితే 101.86. గడువు ముప్పై ఏళ్లయితే 8 దగ్గర 88.69, 6 దగ్గర 113.84. సర్కారు అదే, కూపన్ అదే, రేటు కదిలింది ఒక్క శాతమే. గడువు పొడవును బట్టి రెండు రూపాయల ఊపు పదకొండు, పద్నాలుగు రూపాయల ఊపైంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ ఆరు అంకెలూ ఒక చీటీ మీద రాసి చేతిలో పెడతాను.

మన డబ్బును బాండ్లలో పెట్టే డెట్ మ్యూచువల్ ఫండ్ల నెలవారీ కాగితంలో 'మోడిఫైడ్ డ్యురేషన్' అని ఒక అంకె ఉంటుంది. ఈ ఊపు ఎంతో చెప్పేది అదే. అది 7 అని ఉంటే, రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ఆ ఫండు విలువ సుమారు ఏడు శాతం తగ్గుతుందని అర్థం. ఫండు పేరు ఎంత నిదానంగా ఉన్నా సరే, ముందు ఈ అంకె చూడండి.

మాకు తెలిసిన టీచరుగారొకరు, బరంపురంలోనే తెలుగు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. 2022 మొదట్లో, రెపో రేటు ఇంకా 4 శాతం ఉన్న రోజుల్లో, ముప్పై ఏళ్ల సర్కారు బాండు ఏడు శాతం చిల్లరకి కొన్నారు. ఎఫ్‌డీ కంటే ఎక్కువ, పైగా సర్కారు హామీ. ఆ మే నెల నుంచి రిజర్వ్ బ్యాంకు రేట్లు పెంచడం మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరికి రెపో 6.5కి చేరింది. మనవరాలి చదువుకి డబ్బు కావాల్సొచ్చి ఖాతా తెరిచి చూస్తే నూరు రూపాయల పత్రం తొంభై రెండు దగ్గర కనబడింది. "ఏటి బాబూ, సర్కారు కాగితమే కదా? సర్కారేమీ దివాలా తీయలేదు కదా? మరి ఎనిమిది రూపాయలు ఎటు పోయాయి?" అని అడిగారు.

ఆవిడ ప్రశ్నలో న్యాయం ఉంది. సర్కారు వడ్డీ ఎగ్గొట్టలేదు, అసలూ ఎగ్గొట్టదు. గడువుదాకా ఉంచితే నూరుకి నూరూ వస్తాయి. కానీ గడువు ముప్పై ఏళ్లు, ఆవిడకు అప్పటికే అరవై దాటాయి, ఫీజు కట్టాల్సింది ఆ జూలైలో. డబ్బు కావాల్సిన తారీఖూ పత్రం మీది తారీఖూ ఒకదానికొకటి ఎక్కడా ఆనలేదు. నేను ఆవిడతో కూర్చుని కావలసినంత మటుకే అమ్మించాను, మిగతాది అలాగే ఉంచమన్నాను. చిన్న మొత్తానికి కొనేవాళ్లు వెంటనే దొరకలేదు, దొరికినవాడు ఇంకొంచెం తక్కువకి అడిగాడు. దాన్నే లిక్విడిటీ రిస్కు అంటారు. స్క్రీను మీద కనబడే ధర పెద్ద సంస్థలు కోట్లలో చేసే బేరానిది. మన యాభై వేలకు అదే ధర దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇలాంటిది మనబోటివాళ్లకే జరుగుతుందనుకోకండి. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలింది ఈ కారణంతోనే. డిపాజిటర్లు ఏ రోజైనా వెనక్కి అడగగలిగిన డబ్బును దీర్ఘకాలపు బాండ్లలో పెట్టింది. రేట్లు పెరిగి ధరలు పడ్డాయి. డబ్బు అవసరమై అమ్మితే సుమారు 180 కోట్ల డాలర్ల నష్టం తేలింది. ఆ మాట బయటపెట్టిన రెండో రోజుకే అక్కడి నియంత్రణ సంస్థలు బ్యాంకును మూసేశాయి. ఆ బాండ్లలో చాలావరకు గడువుకి నూటికి నూరూ వచ్చేవే.

అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. ఒక కాగితం తీసుకుని రాబోయే ఏళ్లలో పెద్ద ఖర్చులకు తారీఖులు రాయండి: పెళ్లి, ఫీజు, ఇంటి స్లాబు, కంటి ఆపరేషను. ఒక్కో తారీఖుకి ముందే గడువు తీరే పత్రాలు వెతకండి. తారీఖు లేని డబ్బు మిగిలితేనే పదేళ్లకు పైబడిన గడువులు చూడండి. పట్టుచీరల వ్యాపారి ఒకాయన ఉన్నారు. పెళ్లిళ్ల సీజను అయ్యాక చేతిలో డబ్బు ఉంటుంది, మూడు నెలల తర్వాత మళ్లీ పట్టునూలుకి కావాలి. ఆయనకు 91 రోజుల ట్రెజరీ బిల్లు సరిగ్గా సరిపోయింది. ట్రెజరీ బిల్లు, అంటే టీ-బిల్లు, సర్కారు పొట్టి గడువుకి తీసుకునే అప్పు పత్రం. దీనికి వడ్డీ చెల్లింపులుండవు, తక్కువకి కొంటే గడువు రోజున నిండు మొత్తం వస్తుంది. నూరుకి 98.65 చొప్పున ఐదు లక్షల బిల్లుకి 4,93,250 కట్టి, 91 రోజులకు ఐదు లక్షలు తీసుకున్నారు. 6,750 లాభం, ఏడాది లెక్కన 5.49 శాతం. నడుమ రేట్లు ఎటు పోయినా ఆయనకు పట్టలేదు.

మరీ పొట్టి గడువుల్లోనూ ఒక ఇబ్బంది ఉంది. 2023 చివర్లో 364 రోజుల బిల్లు ఏడు శాతం దాకా ఇచ్చింది. 2025 మధ్యకి అదే బిల్లు ఐదున్నర దగ్గరికి దిగింది. నెలనెలా ఆ వడ్డీ మీదే ఇల్లు గడిచేవాళ్లకు ఇది పెద్ద కోత. కాబట్టి రాబడి నిలకడగా ఉండాలనుకునే పెద్దవాళ్లు మొత్తం ఒకే గడువులో పెట్టకుండా రెండు, నాలుగు, ఏడేళ్లు అని విడదీస్తే మంచిది.

ఇక యీల్డ్ లెక్క. అమ్మేవాళ్లు చూపించే అంకెల్లో మూడు రకాలుంటాయి. ఒకటి కూపన్. రెండోది, కూపన్‌ని ఇవాళ్టి ధరతో భాగిస్తే వచ్చే కరెంట్ యీల్డ్. మూడోది గడువుదాకా వచ్చే మొత్తం రాబడి, దాన్ని వైటీఎం అంటారు. మీరు చూడాల్సింది మూడోదే. చేత్తోనే సుమారుగా వేసుకోవచ్చు. 6 శాతం కూపన్, నాలుగేళ్ల గడువు, ధర 95 అనుకోండి. గడువుకి ఐదు రూపాయలు అదనంగా వస్తాయి, నాలుగేళ్లకి పంచితే ఏటా 1.25. దానికి ఆరు కలిపితే 7.25. కొన్న ధరకూ నూరుకూ నడిమి అంకె 97.5తో భాగిస్తే 7.44 శాతం. కంప్యూటరు మీద కచ్చితంగా వేస్తే 7.47. చేతి లెక్కకు ఇది చాలు.

ఎక్కువ ధర పెట్టి కొనేటప్పుడు ఈ లెక్క ఇంకా ముఖ్యం. ఏటా ఒకసారి పది శాతం వడ్డీ ఇచ్చే కంపెనీ బాండు, మూడేళ్లు మిగిలింది, ధర 106. ప్రకటనలో 'పది శాతం' పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గడువుకి మీకు వచ్చేది నూరే, ఆరు రూపాయలు పోతాయి. వైటీఎం వేస్తే 7.7 దరిదాపుల్లో తేలుతుంది.

కొన్న రోజున బిల్లు కాస్త ఎక్కువ వస్తే కంగారుపడకండి. జనవరి పదికీ జూలై పదికీ వడ్డీ ఇచ్చే 7 శాతం బాండుని ఏప్రిల్ పదిన కొంటే, అమ్మినవాడు మూడు నెలలు పట్టుకున్నందుకు 1.75 వడ్డీ మీరు అతనికి కట్టాలి. జూలైలో నిండు మూడున్నరా మీకే వస్తుంది.

ఇప్పుడు ఎగవేత సంగతి. మన ఊళ్లలో అప్పిచ్చేవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. నమ్మకస్తుడికి నూటికి రూపాయి వడ్డీ, తెలియనివాడికి రెండు, అనుమానం ఉన్నవాడికి మూడు. బాండ్ల మార్కెట్టూ అంతే. అదే గడువుకి సర్కారు బాండు ఆరున్నర ఇస్తుంటే ఒక కంపెనీ పదకొండు ఇస్తానంటోందంటే, ఆ నాలుగున్నరా మార్కెట్టు ఆ కంపెనీ మీద పెట్టుకున్న అనుమానానికి కట్టిన ధర. దాన్ని లాభంగా లెక్కేసుకునే ముందు, అసలు పోతే తట్టుకోగలమా అని ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడండి.

రేటింగు, అంటే అప్పు తీర్చే సత్తాకి ఇచ్చే గ్రేడు, చూడాలి. ట్రిపుల్ ఏ పైన, ఎగవేతకి ఇచ్చే డి అట్టడుగున. చూసి అక్కడితో ఆగకూడదు. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్సు కంపెనీకి 2018 జూలైలో ట్రిపుల్ ఏ ఉంది, సెప్టెంబరుకి డి అయింది. 2020 మార్చిలో యెస్ బ్యాంకును గట్టెక్కించే క్రమంలో ఆ బ్యాంకు అమ్మిన ఏటీ-1 అనే రకం బాండ్లు, 8,415 కోట్ల రూపాయలవి, విలువ సున్నా చేశారు. కొన్నవాళ్లలో ఎఫ్‌డీ లాంటిదే అనుకున్న పెద్దవాళ్లూ ఉన్నారు. ఆ కేసులు కోర్టులకెళ్లాయి. బ్యాంకు ఇబ్బందిలో పడితే అసలుని కొట్టేయొచ్చన్న షరతు ఏటీ-1 బాండ్లలో ఉంటుంది. 'పర్పెచ్యువల్' (గడువే లేనిది), 'సబార్డినేటెడ్' అన్న మాటలు కాగితంలో కనబడితే, అప్పిచ్చినవాళ్ల వరసలో మీరు చివర నిలబడుతున్నారని తెలుసుకోండి. 'సెక్యూర్డ్' అని ఉంటే ఏ ఆస్తి తాకట్టో చదవండి. 'కాల్' అని ఉంటే, రేట్లు తగ్గినప్పుడు వాళ్లు ముందే తీర్చేసి మీ మంచి వడ్డీని ఆపేయొచ్చు. ఇంకో మాట, బ్యాంకు డిపాజిట్‌కి ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకా బీమా ఉంది, బాండుకి లేదు. బ్యాంకువాళ్లే తమ కౌంటర్లో అమ్మినా లేదు.

అసలు బాండే కానివాటి గురించి మా ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. 2013లో ఒడిశాలో జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసిన కంపెనీలు వరసగా కూలాయి. మరుసటి ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఆ కేసుల్ని సీబీఐకి ఇచ్చింది. ఏజెంటు ఇచ్చిన రంగుల సర్టిఫికెట్టు మీద 'బాండ్' అని ఉన్నంత మాత్రాన అది బాండు కాదు. అసలైన దానికి ఐఎస్ఐఎన్ అనే పన్నెండు అక్షరాల నంబరుంటుంది, మన దేశపుదైతే 'ఐఎన్' అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరు చెప్పలేనివాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, ఎంత దగ్గరి చుట్టమైనా సరే.

కొనడానికి మనలాంటివాళ్లకు సులువైన చోటు రిజర్వ్ బ్యాంకువారి రిటైల్ డైరెక్ట్ వెబ్‌సైటు. 2021 నవంబరు 12న మొదలైంది. ఖాతా తెరవడానికీ ఉంచడానికీ రుసుము లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, ఈమెయిల్ ఉంటే చాలు. పదివేల నుంచి కొనొచ్చు. మామూలుగా మంగళవారం రాష్ట్రాల పత్రాలు, బుధవారం టీ-బిల్లులు, శుక్రవారం కేంద్రం బాండ్లు వేలానికొస్తాయి. ధర మనం కోట్ చేయనక్కర్లేదు. పెద్ద సంస్థల పోటీలో తేలిన సగటు ధరే మనకూ దొరుకుతుంది. రాష్ట్రాల పత్రాలు కేంద్రం కంటే కొద్దిగా ఎక్కువ రాబడి ఇస్తాయి. కేంద్రం హామీ ఉండదు గాని వీటి చెల్లింపులు చూసేదీ రిజర్వ్ బ్యాంకే. నా లెక్కలో రిటైరైనవాళ్లకు కంపెనీ బాండ్ల కంటే ఇవి ఎంతో నయం.

పన్ను నా పని కాబట్టి రెండు ముక్కలు. వడ్డీ అంతా మీ ఆదాయంలో కలిసి మీ స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ముప్పై శాతం స్లాబులో ఉన్నవాళ్లకు ఏడు శాతం వడ్డీలో చేతికి మిగిలేది 4.9, సెస్సు తీస్తే ఇంకా తక్కువ. బజార్లో సరుకుల ధరలు ఏటా ఐదు శాతం పెరిగితే ఆ డబ్బు పెరగనట్టే. మామూలు సర్కారు బాండ్ల వడ్డీలో టీడీఎస్ కోయరు. కోయలేదు కదా అని రిటర్నులో చూపించడం మానేస్తున్నారు, తర్వాత నోటీసు వస్తోంది. స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయిన బాండుని ఏడాది దాటాక లాభానికి అమ్మితే ఆ లాభం మీద పన్ను 12.5 శాతం.

ఖాతాలో నామినీ పేరు తప్పకుండా పెట్టండి. ఎఫ్‌డీకైతే బీరువాలో రసీదు ఉంటుంది, దీనికి చేతిలో కాగితం ఉండదు. మీరు చెప్పకపోతే ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాదికోసారి స్టేట్‌మెంటు ప్రింటు తీసి, పక్కన గడువు తారీఖులు తెలుగులో రాసి, ఎఫ్‌డీ రసీదుల ఫైల్లోనే పెట్టండి.